లెక్కింపు పూర్తయ్యేలోగా

ఫొటోలో నా టోపీ బాగా పడిందట, ముందు వరసలోంచి మెడ తిప్పి ప్రధాని వాల్మొరీ మళ్ళీ అదే మాట అంటున్నాడు, ఆయన ప్రభుత్వం పడిపోతోందని సభలో అందరికీ తెలిసిపోయాక, ఓట్ల పెట్టెలు లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపేసుకుని లెక్కపెడుతున్న ఈ వేళ, టోపీ గురించి, పాపం ఇంకేం మాట్లాడతాడు, ఈ మంత్రివర్గం చేసిన పనల్లా ఆ ఫొటో ఒక్కటే, అధ్యక్షభవనం మెట్ల మీద డిసెంబరు వానలో వరసగా నిలబడటం, పై మెట్టు ఎవరిది కింది మెట్టు ఎవరిదని మోచేతులతో పొడుచుకోవడం, చివరికి నన్ను మధ్యలోకి లాగారు, ఒక ఆడమనిషి కనపడాలి కదా మేడమ్ అని, పూలకుండీని సర్దినట్టు సర్దారు, నవ్వాను కూడా, ఛీ.

అయినా ఇంకా పడలేదు, లెక్క తేలి సభాపతి చదివేదాకా మేము ప్రభుత్వమే, చదివిన మరుక్షణం కొత్తవాళ్ళు వచ్చేదాకా తాళాలు చూసుకునే కాపలాదారులం, అప్పుడిక కొత్త ఉత్తర్వు దేని మీదా సంతకం పెట్టకూడదు, నా చేతిసంచిలో ఉన్నది కొత్త ఉత్తర్వే, మా బ్రెవ్‌మార్ రేవు జనానికి రాతి ఇళ్ళు కట్టడం మొదలుపెట్టమని, దాని మీద పడాల్సిన సంతకం నా పక్కన కూర్చుని గోళ్ళు చూసుకుంటున్న ఈ ఆన్సెల్మ్ రూకెట్‌ది, పునర్నిర్మాణ శాఖ మంత్రి, నేను ఆయన కింద సహాయమంత్రిని, నా సంతకం చెల్లాలంటే ముందు ఆయన నాకు అధికారం రాసివ్వాలి, ఇస్తాను మేడమ్ అన్నాడు, శుక్రవారం అన్నాడు, శనివారం అన్నాడు, ఈ డిసెంబరు దాటితే కట్టడానికి ఇచ్చిన అనుమతి రద్దైపోతుంది, వచ్చే మంత్రివర్గం ఏర్పడేసరికి ఏ జనవరో ఫిబ్రవరో అవుతుంది, మళ్ళీ మొదటినుంచి, బాంబులు పడి ఆరేళ్ళైనా మావాళ్ళింకా చెక్క షెడ్లలోనే, లెకానూ ముసలమ్మ నవ్వుతూనే చెప్పింది, ఉప్పు అడగడానికి తలుపు తియ్యక్కర్లేదు తల్లీ, చెక్కలు ఎండి విచ్చుకున్నాయిగా, ఆ సందులోంచే పక్కింటావిడ గిన్నె అందిస్తుంది, రాత్రిపూట ఆవిడ దీపం ఆర్పేస్తే మా ఇంట్లోనూ చీకటైపోతుంది అని.

వీళ్ళేమో, గురువారం వాల్మొరీ ఒక్కడూ వేదికెక్కి సభ మద్దతు అడిగితే కుడీ ఎడమా లేకుండా ఎగబడి ఓట్లేశారు, ఎందుకు వెయ్యరు, ఒక్కో ఓటు వెనకా ఒక్కో కాబోయే మంత్రి కూర్చుని ఉన్నాడు మరి, మా సభవాళ్ళు ప్రతిసారీ చేసే తప్పే ఇది, ముందు మనిషిని గెలిపిస్తారు, తరవాత ఆయన పదవులు పంచుతాడు, పదవి దక్కని ప్రతివాడూ ఆ సాయంత్రానికే శత్రువు, ఇవాళ మంత్రివర్గం మొత్తం మీద మళ్ళీ ఓటు పెడితే పడగొడుతున్నది వాళ్ళే, వాల్మొరీ ఇంట్లో భోజనాల బల్ల చుట్టూ ఆ పంపకం చూశాను, మందుల దుకాణంలో పొడులు తూచినట్టు, రాడికల్స్‌కి ఒక చెంచా ఎక్కువైంది, సోషలిస్టుల వైపు ఒక చిటికెడు వెయ్యండి, దక్షిణాదివాళ్ళు అలుగుతారు, నౌకాశాఖ కొండల జిల్లావాడికి, వ్యవసాయం పారిస్ నడిబొడ్డున పుట్టి ఆవుని చీజ్ డబ్బా మీద బొమ్మలో తప్ప చూడనివాడికి, రూకెట్ ఆర్థికం అడిగాడు, కాదంటే హోంశాఖ అన్నాడు, అదీ కాదంటే నడవాలోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాడు, అప్పుడు పునర్నిర్మాణం ఇచ్చారు, యుద్ధంలో ఒక్క పెంకైనా పగలని గాస్కనీ ఊరివాడికి, లోపల వాల్మొరీ భార్య వేడి వేడి సూపు పోసిస్తూ నా చెవిలో, వీళ్ళకి మళ్ళీ క్రిస్మస్‌కి వడ్డించాల్సిన అవసరం ఉండదులే అంది, ఆ ఇంట్లో తెలివైన మనిషి ఆవిడే.

ఇక శనివారమంతా రూకెట్ బల్ల మార్పించుకున్నాడు, పాతమంత్రి బల్ల చిన్నదట, ఆదివారం రైలెక్కి ఊరికి పోయాడు, బ్యాండు మేళం, బాతు మాంసం విందు, మేయరు ఉపన్యాసం, అదే కదా వీళ్ళకి కావలసింది, ఈ దేశంలో ఒక్క పూట మంత్రైనా చాలు, చచ్చేదాకా మంత్రిగారే, మంగలి షాపులో మంత్రిగారే, శవపేటిక దించేవాళ్ళు కూడా మంత్రిగారిని జాగ్రత్తగా దించండ్రా అంటారు, ఆ ఒక్క పిలుపు కోసం ఈ నాలుగు వందల మంది గడ్డాలు గీసుకుని, కాలర్లు గట్టిగా బిగించుకుని, ఛీ ఛీ, లోపల లెక్క ఇంకా అవలేదు, తేడా చాలా తక్కువ ఉన్నట్టుంది, ఒక్కో చీటీ మళ్ళీ చూస్తున్నారు, ఇదే నాకు మిగిలిన సమయం.

రూకెట్, సంతకం పెట్టండి, ఇక్కడే, ఇప్పుడే అన్నాను, నా వైపు తిరగలేదు, ఇది సభ మేడమ్, సంతబజారు కాదు అన్నాడు, మీ బల్ల మీద ఒక ప్రతి పెట్టాను కదా శుక్రవారం అంటే, బల్ల మారింది కదండీ అన్నాడు, నిజంగానే అన్నాడు, సంచితో నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది, అంతలో అవతలి పార్టీ సభ్యుడు, గినెస్తూ అనేవాడు, రూకెట్‌కి చిన్నప్పటి స్నేహితుడే, మెట్లు దిగుతూ ఆగి, ఏరా రూకెట్, సర్కారు కారు తిరిగిచ్చేశావా లేక సాయంత్రం తోసుకుంటూ తెచ్చిస్తావా అన్నాడు, చుట్టూ నవ్వులు, రూకెట్ కూడా నవ్వబోయాడు, మా ఆవిడ ఇంకా ఎక్కనే లేదురా అన్నాడు, రుమాలుతో కళ్ళొత్తుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి, కారు కోసం కన్నీళ్ళు, ఎంత చవక మనిషి అనుకున్నాను, అనుకుంటూ ఉండగానే ఆ చెవులు ఎక్కడో చూసినట్టు తోచింది, శుక్రవారం, శాఖ నడవాలో, గుమాస్తాలూ అధికారులూ వరసగా నిలబడి ఉండగా నేను గట్టిగా, రూకెట్, ఆ కాగితం సంగతేంటి అని, అందరూ మంత్రిగారూ అంటుంటే నేనొక్కదాన్నే ఇంటిపేరు పెట్టి, తోటమాలిని పిలిచినట్టు, కావాలనే పిలిచాను, అప్పుడూ ఇలాగే ఎర్రబడ్డాయి, ఇస్తాను మేడమ్ అన్నాడు, శనివారం ఫోనులోనూ రూకెట్ అనే అన్నాను, నాకది ఎంత రుచిగా ఉండిందో, ఇప్పటికీ నోట్లో ఉంది ఆ రుచి.

లోపలి తలుపు గొళ్ళెం కదిలింది, నాలుక మందంగా ఉంది, అయినా అన్నాను, మంత్రిగారూ, మా ఊరి కాగితం మీద మీ సంతకం కావాలి, అంతే అన్నాను, ఆయన నా వైపు తిరిగాడు, ముఖంలో గర్వమూ లేదు గెలుపూ లేదు, చలిలో నిలబడ్డవాడికి ఎవరో తలుపు తీసినట్టుంది, జేబులోంచి కలం తీశాడు, కాగితం మోకాలి మీద పెట్టుకున్నాడు, చదవను కూడా లేదు, ఆన్సెల్మ్ రూకెట్ అని ఒక్కో అక్షరం తీర్చి దిద్ది రాశాడు, తేదీ వేశాడు, సిరా ఆరేదాకా ఊదాడు, బ్రెవ్‌మార్‌కి ఇళ్ళు వచ్చేశాయి, ఊపిరి పీల్చేంతలో, ఆయన నా వైపు తల వంచి, ఇంకేమైనా ఉన్నాయా మేడమ్, ఉంటే ఇవ్వండి, సమయం ఉంది కదా, అని అడిగాడు.

ఉన్నాయి, తగలబడిన ఊళ్ళు ఇంకా రెండు ఉన్నాయి, వాటి కాగితాలు కూడా సిద్ధమే, నా గదిలోనే ఉన్నాయి, పొద్దున సంచి సర్దుకుంటూ వాటిని చూశాను, ఈ మనిషి ఒక్కదానికే సంతకం పెట్టడు, మూడింటికా అనుకుని నా ఊరిది మాత్రం తీసుకుని వచ్చాను, నది దాటి వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు, సభాపతి గంట మోగిస్తున్నాడు, అంకెలు చదువుతున్నాడు, పడిపోయాం, అవతలివైపు చప్పట్లు, వాల్మొరీ లేచి నిలబడుతున్నాడు, రూకెట్ కలం ఇంకా మూత పెట్టకుండానే చేతిలో పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు, ఏమీ లేవు మంత్రిగారూ అన్నాను, శుక్రవారమే నడవాలో మంత్రిగారూ అనే ఈ ఒక్క మాట అని ఉంటే మూడింటి మీదా నిలబడి పెట్టేవాడు, అదేమంత కష్టమైన మాటని, నేను అనలేదు, వీళ్ళను చీదరించుకోవడం నాకు హాయిగా ఉండింది, ఆ హాయి ఖరీదు నేను కట్టలేదు, ఆ రెండు ఊళ్ళు కడుతున్నాయి, ఈ చలికాలం కూడా, చెక్కల మధ్య.