పీపా పక్కటెముకలు

కాపురానికి వచ్చిన మూడో రోజే కొత్త కోడలికి గుర్రాన్ని అప్పజెప్పారు. దాన్ని పీపా అని పిలవడం మొదలుపెట్టింది ఆమె భర్తే. అసలు పేరు అతని అన్నయ్య పెట్టుకున్నది; ఆయన పోయాక ఆ పేరుతో పిలవడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. ఆయన దాని మీద పిల్లలకు స్వారీ నేర్పేవాడు. ఆయన మంచం పట్టిన నాటి నుంచి, ఏడాదిన్నరగా, అది కొట్టం దాటలేదు. తినడం, నిలబడడం, మళ్ళీ తినడం. రెండు వైపులా కొవ్వు పొంగి, వీపు మధ్యలో నీళ్ళు పోస్తే నిలిచేంత గాడి పడింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారే, అది ఇదే," అన్నాడు భర్త.

"గుడ్డిదేం కాదు. మిమ్మల్ని చూడలేక కళ్ళు మూసుకుంటోంది."

ఊళ్ళో స్వారీ బడివాళ్ళు దాన్ని తీసుకుంటామన్నారు. వారానికి మూడు రోజులు చిన్నపిల్లలను ఎక్కించుకుని మెల్లగా నడిస్తే చాలు, రాత్రికి ఇంటికే వచ్చేస్తుంది. కాని ఆరు వారాల్లో ఒళ్ళు తగ్గాలి. తగ్గకపోతే ఎవరికైనా ఇచ్చేయాల్సిందేనని, పని లేని గుర్రాన్ని ఇక మేపలేనని మామగారు తేల్చి చెప్పారు. అత్తగారు ఆ మాట విని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

పశువుల డాక్టరు వచ్చి దాని డొక్క నిమిరాడు. "పక్కటెముకలు ఉన్నాయని నమ్మడమే తప్ప నాకు దొరకలేదమ్మా. నొక్కకుండానే చేతికి తగలాలి. అదే గుర్తు." దాణా మానేయమన్నాడు. ఎండుగడ్డి తూచి, గంటసేపు చన్నీళ్ళలో నానబెట్టి, తీపి నీళ్ళలోకి దిగిపోయాక ఆ నీళ్ళు పారబోసి పెట్టమన్నాడు. తీపి ఎక్కువైతే గిట్టల్లో వేడి పుడుతుందని, అదొక్కటీ కనిపెట్టి ఉండమని హెచ్చరించాడు.

ఆ పని ఆమెకు భలే నచ్చింది. కొక్కెం త్రాసుకు గడ్డి తగిలించడం, తొట్టిలో నీళ్ళు టీ రంగుకు తిరగడం, పొద్దున్నే గుర్రానికి చెరోవైపు మొగుడూ పెళ్ళాం నడవడం. గుర్రాన్ని కొలిచే టేపుతో ఓ రోజు భర్త ఆమె నడుం కొలిచి, "నీకూ నానబెట్టాలేమో," అన్నాడు. ఆ పూట అతని కాఫీలో చక్కెర పడలేదు.

మూడు వారాలైంది. గుర్రం చుట్టుకొలత వేలెడు కూడా తగ్గలేదు.

"డిగ్రీ చదివావు, గడ్డి తూచడం నేర్పలేదా అమ్మా?" అన్నారు మామగారు. నవ్వుతూనే అన్నారు గాని, గుర్రాన్ని తీసుకునేవాళ్ళకి కబురు పెట్టడం కూడా మొదలుపెట్టారు.

ఆ రోజు పొద్దున గుర్రం బయలుదేరనని మొండికేసింది. ముందుకాళ్ళ మీద బరువు మోపలేక మార్చి మార్చి నిలబడింది. మధ్యాహ్నం మరోసారి చూద్దామని ఆమె కొట్టానికి వెళ్ళింది. లోపల అత్తగారు ఉంది. చంకలో గిన్నె, గుప్పిట్లో దాణా.

"ఇంకొక్క ముద్ద, నాన్నా. ఇదే ఆఖరు."

"అత్తయ్యా."

అత్తగారు గిన్నె దాచుకోలేదు. "నాలుగు గుప్పెళ్ళేనమ్మా."

"రోజూనా?"

"పూటా."

"తగ్గకపోతే పీపాని ఇచ్చేస్తారు. తెలుసుగా మీకు?"

"తెలుసు." గుర్రం ఖాళీ గుప్పిటను నాకుతుంటే అత్తగారు అటే చూస్తూ ఉండిపోయింది. "ఆఖరి నెల పెద్దాడికి చెంచాడు పాలు దిగలేదే. ఒళ్ళు తుడుస్తుంటే పక్కటెముకలు ఒక్కొక్కటే చేతికి తగిలేవి. ఇప్పుడు దీనివీ తగలాలంటాడు ఆ డాక్టరు. అదే గుర్తట."

గుర్రానికేం కాలేదని అబద్ధం చెప్పినా అత్తగారు నమ్మేదే. కాని కోడలు వంగి, అత్తగారి చేయి పట్టుకుని గుర్రం ముందుకాలి గిట్ట మీద ఆనించింది. ఎండలో పెట్టిన రాయిలా కాలుతోంది.

"నొప్పా దీనికి?"

"నొప్పే, అత్తయ్యా."

"దేనివల్ల?"

కోడలు గిన్నె వైపు చూసింది. అత్తగారు గిన్నె కింద పెట్టింది. "వీడికీ ఈ బాధ నా చేతుల మీదేనా," అంది.

డాక్టరు సాయంత్రమే వచ్చి మందిచ్చాడు. తొలిదశలోనే చూశారు కాబట్టి తేరుకోవచ్చునని, నడక మాత్రం నెల రోజులు వద్దని చెప్పాడు. స్వారీ బడివాళ్ళు మరో రెండు నెలలు ఆగుతామన్నారు. అంతకు మించి ఆగరట. మామగారు సరేనన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అడుగుల చప్పుడుకే గుర్రం సకిలించింది. అత్తగారు వట్టి చేతులతో వచ్చింది. అది ఆమె అరచేతుల్లో వెతికింది, మోచేతుల సందుల్లో వెతికింది. ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"మీరు లోపలికి వెళ్ళండి అత్తయ్యా, నేను చూసుకుంటాను."

"వద్దు. నేను రాకపోతే దాచుకుని పెట్టడం లేదనుకుంటాడు. లేదని వాణ్ణే చూసుకోనీ."

గుర్రం చాలాసేపు వెతికింది. ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.