పూడ్చిన గుంత

మాచర్ల దగ్గరి నాపరాతి క్వారీలో ఆ పొద్దున అంజమ్మ తట్టలోకి రాళ్లతో పాటు నడుం ఎముక ఒకటి వచ్చింది. గొడ్డు బొమిక, అవతల పారెయ్యమన్నాడు మేస్త్రీ కొండలు. ఆమె పారెయ్యలేదు. ఎముకకు వెండి మొలతాడు చుట్టుకుని ఉంది. ఒకచోట తెగితే కంసాలి చేత అతికించి తెచ్చింది ఆమే. అది ఆమె మొగుడు పిచ్చియ్యది.

నాగార్జునసాగర్ పనులు మొదలైన ఏడు ఈ గుంతలో రాయి కొట్టే మగాళ్లు కొందరు ఒక్కసారే కనిపించకుండా పోయారు. కూలి ఎక్కువిస్తారని డ్యాం పనికి పారిపోయారన్నాడు కంట్రాక్టరు వెంకటప్పయ్య. ఊరి నోరు మూయలేమంటారు గానీ, ఉన్నవాడు మూయగలడు. మందు పేల్చినప్పుడు గట్టు విరిగిపడి వాళ్లంతా కిందే ఉండిపోయారని కరణానికి తెలుసు, పోలీసులకు తెలుసు, హోటల్లో టీ కాచేవాడికి కూడా తెలుసు. మందు పేల్చే రోజు ఆడవాళ్లను క్వారీకి రానివ్వరు కాబట్టి పెళ్లాలకే తెలియలేదు.

మర్నాటి నుంచి పనికిరాని రాయంతా ఆ గుంతలోనే పోయించాడు వెంకటప్పయ్య. పోసింది ఎవరు? ఆ పెళ్లాలే. ఏళ్ల తరబడి పోశారు. నిండాక ఆ దిబ్బ మీదే కూర్చుని సంగటి తిన్నారు. కింద మంచి రాయి ఉందని ఇప్పుడు మళ్లీ తవ్విస్తున్నాడు. చచ్చినవాళ్లు ఈపాటికి మట్టయిపోయి ఉంటారనుకున్నాడు దుర్మార్గుడు.

అంజమ్మకు ఏడుపు రాలేదు. ఈ చేతులతోనే కదా పోశాను అనుకుంది, అంతే. పక్కనే ఎస్తేరు కూలబడింది. తనను వదిలి డ్యాం పనికి పారిపోయాడని మొగుడు కృపానందాన్ని ఇన్నేళ్లూ ప్రార్థనలో కూడా తిట్టుకున్న మనిషి.

వెంకటప్పయ్య వచ్చాడు. కేకలు వెయ్యలేదు. కర్మకాండల ఖర్చు తనదేనన్నాడు, గుంత మాత్రం ఈ పూటే పూడ్చెయ్యమన్నాడు.

"మా మొగుళ్లను మాచేతే పూడిపిచ్చావు," అంది అంజమ్మ. "చానా పోశాం. ఇంక ఒక్క తట్ట కూడా పొయ్యం. అందర్నీ పైకి తీసిందాకా ఇక్కణ్ణించి కదలం."

మగాళ్లు తలలు దించుకున్నారు. పని పోతే పిల్లలకు పెట్టేదేందని మస్తానమ్మ గొణిగింది. ఆమె మొగుడు ఇప్పుడు అదే క్వారీలో రాతికి మందు కూరే పనివాడు.

"రేపు నీ మొగుడు పడ్డా డ్యాం పనికి పోయాడనే చెప్తారు వదినా," అంది ఎస్తేరు.

మస్తానమ్మ తట్ట అందుకుంది. చెంగు బిగించి అందరికంటే ముందు గుంతలోకి దిగింది. వెనకే ఆడవాళ్లు దిగారు. సమ్మెటలు పక్కన పెట్టి మగాళ్లూ దిగారు. తవ్విన రాయిని దిబ్బ మీద పొయ్యలేదు. లారీలు పోయే ఒక్కగానొక్క బాటకు అడ్డంగా పోశారు.

బాట పూర్తిగా మూసుకోకముందే, కంట్రాక్టరు పిలిపించిన పోలీసు జీపు క్వారీ లోపలిదాకా వచ్చింది. పని అడ్డగించిందని అంజమ్మను ఎక్కించారు. ఆమె మొలతాడు గుప్పిట్లో పట్టుకునే ఎక్కింది. గుంతలోవాళ్లు తట్టలు అందించుకోవడం ఆపలేదు. జీపు వెనక్కి తిరిగేసరికి బాట మీద రాయి నడుమెత్తు లేచింది.

రాయి తీయించమన్నాడు జీపులో వచ్చిన ఇన్‌స్పెక్టరు. మేస్త్రీ కొండలు కూలీల కోసం చుట్టూ చూశాడు. బాట మీద ఆఖరి తట్ట పోసినవాళ్లూ గుంతలోకి దిగిపోయారు, పైన ఒక్కరూ లేరు. ఇన్‌స్పెక్టరు కంట్రాక్టరు వైపు చూశాడు, కంట్రాక్టరు మేస్త్రీ వైపు చూశాడు. ముగ్గురిలో ఎవరూ వంగి ఒక్క రాయి ఎత్తలేదు.

అంజమ్మ కదల్లేని జీపు దిగి గుంతవైపు నడిచింది.