ఎడమ చేతి దారం

కిమోనో ఎడమ చేతి అంచు వెంట చివరి కుట్టు వేసి తొకుహెయి దారాన్ని పంటితో తెంపాడు. నాట్యం మధ్యలో నల్లముసుగు మనిషి ఈ దారాలను లాగితే పైనున్న ఎర్ర కిమోనో జారిపోయి లోపలి తెల్లది బయటపడాలి. లాగే కొసకు పూస ఉంటుంది. రెండో కొసకు ముడి ఉండకూడదు. ఉంటే దారం రాదు, కిమోనో ఊడదు, నటుడు నిండు సభలో నవ్వులపాలవుతాడు.

క్యోతోలోని ఆ కబుకి నాటకశాల తెర వెనకే అతని జీవితం గడిచింది. బక్కపలచని మనిషి, సూది పట్టీ పట్టీ చూపుడువేలు గవ్వలా గట్టిపడింది. ఈమధ్య గుండె మొరాయిస్తోంది. పనికి ఇదే ఆఖరి రోజు కనుక యజమాని మేడమీద రెండు సీట్లు ఇప్పించాడు. తాను కుట్టిన నాట్యాన్ని అతను ఎదురుగా కూర్చుని ఎన్నడూ చూడలేదు.

"చూడ్డానికొచ్చినవాళ్లలా కూర్చోండి. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా ఆ బిగుసుకోవడం ఏమిటి?" అంది భార్య మియో, అన్నం డబ్బా విప్పుతూ.

అతను ముట్టలేదు. పొద్దున ఆమె కోటుకు గుండీ కుట్టి, ముడివేసి తెంపాడు. ఆ వెంటనే వచ్చి ఈ కిమోనో పట్టుకున్నాడు.

"మియో, ఎడమ చేతి దారానికి ముడి వేసేశాను."

"వేశారా, వేశాననుకుంటున్నారా?"

"వేళ్లకి తెలుస్తోంది."

"జింపాచి చూసుకుంటాడు లెండి. లాగేది అతనేగా."

"వాడు చూడడు. నా కుట్టు తడిమి చూస్తే నా మొహాన ఉమ్మినట్టే. అది వాడికి నేర్పింది నేనే."

లేవబోయాడు. అప్పటికే తంత్రులు మోగాయి. నటుడి వెనక జింపాచి నల్లబట్టల్లో ఒదిగి కూర్చున్నాడు. ఆ నలుపు రంగస్థలం మీద లేనట్టే లెక్క. ప్రేక్షకుల్లో ఎవరూ దాన్ని చూడరు. తొకుహెయికి అది తప్ప మరేదీ కనిపించలేదు. జింపాచి చెయ్యి ఎడమ వైపుకు సాగగానే అతను కళ్లు మూసుకున్నాడు.

హాలు హోరెత్తింది.

"ఊడిందండీ! మంచు కురిసినట్టు ఎంత తెల్లగా ఉందో! ఏవండీ, చూడండి!" మియో అతని చెయ్యి పట్టి కుదిపింది. వదిలేసరికి అది పక్కకు వాలిపోయింది.

జనం వెళ్లిపోయారు. వైద్యుడు వచ్చి, మణికట్టు పట్టి చూసి, తల వంచి వెళ్లాడు. లాగిన దారాలను కుట్టినవాడికి తిరిగి అప్పగించడం అక్కడి ఆనవాయితీ. జింపాచి ముసుగు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"గురువుగారూ, ఇవిగోనండీ..." అని ఆగిపోయాడు.

"ముడి వేశానని చివరిదాకా బెంగపడ్డారయ్యా," అంది మియో. "లేదు కదూ?"

"ఆయన కుట్టులో ముడేమిటమ్మా!"

అతను మోకరిల్లి, తొకుహెయి తెరిచి ఉన్న అరచేతిలో దారాలు పెట్టాడు. పూస లేని కొసలన్నీ పంటితో తెంపినట్టు పీచులు తేలి ఉన్నాయి. ఒక్కటి మాత్రం మిగతావాటికన్నా కాస్త పొట్టిగా, కత్తెర పెట్టినట్టు నున్నగా ఉంది.