మేజర్ సాబ్ పెట్రోల్ మూత

మా అక్క కొడుకు బలరాం జీపు కొన్నాడు. మిలిటరీ వాళ్లు ఎప్పుడో వేలంలో వదిలించుకున్న జీపు అది. చేతులు మారీ మారీ, ఇక మారడానికి ఇంకో తెలివితక్కువ చెయ్యి దొరకని చోట ఆగింది. ఆ చోటు మా తండా.

ఏన్కూరు దాటి అడవి అంచున ఉంటాం మేము. ఇంటికో బైకు ఉంది, ట్రాక్టర్లు ఉన్నాయి, ఒకరిద్దరికి కార్లు కూడా ఉన్నాయి. బలరాంకి సర్పంచ్‌గా నిలబడాలని బుద్ధి పుట్టింది. అందరూ ఎక్కే బండి ఎక్కితే లీడర్ ఎట్లా అవుతామని వాడి అనుమానం. పాల్వంచలో కాంట్రాక్టర్ కింద లారీ తోలి దాచుకున్నదంతా ఆ ఇనుములో పోసి, దానికి ఆకుపచ్చ రంగు కొట్టించి, ముందు ఐదు మొనల తెల్ల చుక్క వేయించాడు. చుక్క మాత్రం బాగుంది.

ఆ జీపుకి పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది. దిండు ఎత్తితే మూత కనిపిస్తుంది. మూతలోపలి వాషర్ ఎండి, ముసలోడి పెదవిలా చిట్లిపోయింది. గుంత వచ్చినప్పుడల్లా పెట్రోల్ పైకి చిమ్మేది. దాన్ని దిండు తాగేది, దిండు దగ్గర్నుంచి మావాడు తాగేవాడు. మొదటి రోజు తండా చుట్టూ తిప్పి, దర్జాగా దిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ప్యాంటు వెనకంతా తడి. బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు దించి మరీ చూశారు. ఊరుకోవడం నాకు చేతకాదు.

"మేజర్ సాబ్ యుద్ధం చూసొచ్చిండు. బెదిరిండు పాపం, ఎవరేమనకుండ్రి" అన్నాను.

ఆ రోజు నుంచి వాడి పేరు మేజర్ సాబ్. బడికి పోయే పిల్లలు కూడా సెల్యూట్ కొట్టారు. వారం దాకా అది మర్యాదే అనుకున్నాడు మా మేధావి.

నామినేషన్లకు ఆఖరి రోజు దగ్గరపడింది. మూత బాగుచేయించాలని బలరాం ఖమ్మం పోయి షాపులన్నీ తిరిగాడు. ఆ వాషర్ పేరు చెబితే ఒకాయన పాత సామాన్ల కొట్టు చూపించాడట, ఇంకొకాయన వీడినే పైనుంచి కిందికి చూశాడట. నేను నా జమానాలో ట్రాక్టర్ తోలినవాణ్ణి. బట్టల సబ్బు తడిపి మూత అంచుకి పులిమితే పని నడుస్తుంది, సబ్బు పెట్రోల్‌లో కరగదు అని చెప్పాను. వాడు నన్ను చూసిన చూపు ఉంది చూడండి, కలెక్టర్ కూడా చప్రాసీని అట్లా చూడడు.

"ఇది మిలిటరీ బండి మామా. సబ్బు పెట్టి తోమేటందుకు బోళ్లు కాదు" అన్నాడు.

సైకిల్ ట్యూబు తెచ్చాడు. దాని మీద మూత పెట్టి, పెన్సిల్‌తో గీసి, మా అక్క కత్తెరతో గుండ్రంగా కోశాడు. పెట్రోల్‌లో నానితే ఆ రబ్బరు పూరీలా ఉబ్బుతుందిరా, జారి బయటికొస్తుందిరా అన్నాను. ఏడో తరగతి తప్పినోడివి నీకేం తెలుసన్నాడు. వాడు తప్పింది ఇంటర్. ఆ నాలుగైదు తరగతుల దూరం నుంచే నాతో మాట్లాడతాడు ఎప్పుడూ.

ఇక వాడి భార్య జమ్లి సంగతి. ఎలక్షన్లలో నిలబడేవాళ్లు భార్య పేరు మీద కూడా ఒక డమ్మీ నామినేషన్ వేయిస్తారు. మొగుడి కాగితం తప్పుపడితే భార్యది ఉంటుంది, లేకపోతే తర్వాత వెనక్కి తీసుకుంటారు. జమ్లి చేత కూడా అట్లాగే వేయించాలని పెద్దమనుషులు అన్నారు. సరేనన్నాడు గానీ, జీపులో మాత్రం ఎక్కించుకోలేదు. క్యాండిడేట్ పక్కన భార్య కూర్చుంటే పెళ్లికి పోతున్నట్టు ఉంటుందట. ఆఖరి రోజు పొద్దున్నే ఆమె, ప్రతిపాదించడానికి పక్కింటి వీరన్నను వెంటబెట్టుకుని, ఆటో ఎక్కి మండల ఆఫీసుకి పోయింది.

మావాడు మాత్రం జనం పోగయ్యేదాకా ఆగాడు. జనం పోగవలేదు. మిరప చేలల్లో పనులు, ఎవరొస్తారు? చివరికి తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో వాడూ, వాడి నామినేషన్‌ని ప్రతిపాదించే మనిషిగా నేనూ బయల్దేరాం. తోవలో ట్యాంకు గొంతు దాకా పెట్రోల్ పోయించాడు. సగం ట్యాంకుతో పోతే నామోషీ అట. ట్యాంకులో ఎంతుందో ఆఫీసులో ఎవరు చూస్తారని అడిగాను.  నేను బీడీ తీసి వెలిగించబోతే బ్రేకు వేశాడు.

"మామా, అగ్గిపెట్టె ఇటియ్యి. పెట్రోల్ బండిల కూసొని బీడీ ఏంది? జర సోయి ఉండాలె మనిషికి."

నా అగ్గిపెట్టె గుంజుకుని తన చొక్కా జేబులో వేసుకున్నాడు.

అడవి రోడ్డులో గుంతలు మొదలయ్యాయి. కాసేపు బాగానే ఉంది. వాడు నా వైపు తిరిగి, చూసినవా, చుక్క కారట్లేదు అన్నాడు. వాగు దాటగానే ముందుకి జరిగి కూర్చున్నాడు. ఇంకొంచెం పోయాక ఒక పక్కకి వాలాడు. ఆ తర్వాత ఇంచుమించు నిలబడే తోలాడు. నేను ముక్కు మూసుకుని చెట్లు చూశాను. ఆపి చూద్దామంటే, ఐదు గంటలకు గేటు మూసేస్తారు.

ఆఫీసుకి ఇవతలే బండ్లు ఆపేయాలని పోలీసులు తాడు కట్టారు. జీపు అక్కడే వదిలి నడిచాం. అంటే, ఇంత ఆర్భాటం చేసిన ఆ జీపుని ఆఫీసు దగ్గర ఒక్కరూ చూడలేదు. గేటు దగ్గరికి పోయేసరికి హోంగార్డు ముక్కు ఎగబీల్చాడు. పట్టా రాలేదనో, పింఛన్ రాలేదనో పెట్రోల్ ఒంటి మీద పోసుకుని ఆఫీసులకు వచ్చేవాళ్లు ఉంటారు కదా, కాపలా వాళ్ల భయం వాళ్లది. వాసన చూశాడు, తడిసిన ప్యాంటు చూశాడు, జేబులో చెయ్యి పెట్టాడు. నా అగ్గిపెట్టె బయటికొచ్చింది.

అంతే. నలుగురు మీద పడ్డారు. ఒకరు తడి గోనెసంచి కప్పారు. ఇంకొకరు మొక్కలకు పెట్టిన నీళ్ల బకెట్టు నెత్తిన గుమ్మరించారు. నేను సర్పంచ్ క్యాండిడేట్‌నని గోనెలోంచి మావాడు అరుస్తున్నాడు. ఎస్సై మంచి మనిషి. గోనె మీద చెయ్యి వేసి, పిల్లలున్నారు కదా తమ్ముడూ, ఏ బాధ ఉన్నా సార్‌కి చెప్పుకుందాం, ప్రాణం తీసుకోవద్దు అని బుజ్జగిస్తున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఈయన నీకు ఏమవుతాడని అడిగాడు.

ఇట్లాంటి అవకాశం మనిషికి ఒక్కసారే వస్తుంది.

"నాకేం కాడు సార్. ఎవరో మిలిటరీ ఆయనంట. తోవల లిఫ్ట్ ఇచ్చిండు" అన్నాను.

ఒక్క నిమిషం ఆడిద్దామనే అన్నాను. ఆ నిమిషంలోనే గంట కొట్టారు, గేటు మూశారు. అప్పుడు నేను, సార్, వీడు మా అక్క కొడుకే, నేను వీణ్ణి ప్రతిపాదించడానికే వచ్చిన అన్నాను. ఎస్సై నన్ను కూడా ఎగాదిగా చూసి, ఇద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టాడు. జీపు దాకా పోయి మూత చూసొచ్చిన కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేకపోయాడు. వాడి చేతిలో ఉబ్బిన ట్యూబు ముక్క, పెళ్లివారి అప్పడమంత.

ఆ నవ్వుల మధ్యనే జమ్లి లోపల్నుంచి వచ్చింది. ఆమె నామినేషన్ ఎప్పుడో తీసుకున్నారు, మొగుడి కోసమే ఆగింది. నీళ్లు కారుతున్న మొగుణ్ణి చూసింది, నన్ను చూసింది, కానిస్టేబుల్ చేతిలోది చూసింది. ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"జమ్లీ, నాది పడలే" అన్నాడు బలరాం, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

"నాది పడ్డది గదా" అంది ఆమె. "నువ్వు డమ్మీ అనుకో."

తిరిగి వచ్చేటప్పుడు జమ్లి జీపు ఎక్కలేదు. ఆటోలోనే వచ్చింది. ఎన్నికల రోజు దాకా ఇల్లిల్లూ తిరిగింది, నడిచే తిరిగింది. బోరింగు దగ్గర బిందెలు దించి నవ్విన ఆడవాళ్లే ఆమె వెంట నడిచారు. బలరాం వెనక కరపత్రాల సంచి మోశాడు. జమ్లి గెలిచింది. వాడు నిలబడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను, వాడు ఇది చదువుతాడు.

గెలిచిన మర్నాడు జమ్లి నన్ను పిలిచి, మామా, ఆ సబ్బు సంగతి చూడు అంది. మొగుడు చూస్తుండగానే మూత అంచుకి బట్టల సబ్బు పులిమాను. కారలేదు. ఇప్పుడు సర్పంచమ్మ మీటింగుకి పోవాలంటే బలరామే తోలతాడు, దిండు మీద యూరియా సంచి పరచుకుని మరీ. నాతో మాత్రం ఇంకా మాట్లాడడు. జీపు నా ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా లేచి నిలబడి, వెనక సీట్లో ఉన్న జమ్లికి సెల్యూట్ కొడతాను. ముందు సీట్లో ఉన్నవాడికి, అగ్గిపెట్టె నాకు ఇంకా తిరిగి రాలేదని గుర్తుచేస్తాను.