నాలుగు వేళ్ళ సందు

నిచ్చెన బండి నడుపుతూనే పళ్ళు నూరుతున్నాడు మామ. విమానాశ్రయంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన మామే. ముప్ఫై ఏళ్ళుగా విమానాల తలుపులకు మెట్లు ఆనిస్తున్నాడు. ఆయన మీసం చూసి ఒకసారి ఓ విమానం దానంతటదే రెండడుగులు వెనక్కి జరిగిందని చెప్పుకుంటారు. మూడడుగులని ఆయన దిద్దుతాడు.

ఇవాళ వచ్చింది ఏటి అవతలి దేశం విమానం. యుద్ధమయ్యాక ఇరవై రెండేళ్ళకు ఇదే మొదటిది. రెండు దేశాల విమాన సంస్థలూ పొత్తు కుదుర్చుకున్నాయి. ఈ పొత్తు నిలిస్తే మూతపడ్డ రాయబార కార్యాలయాలు కూడా తెరుస్తారట. మామ తమ్ముడు పోయింది ఆ యుద్ధంలోనే.

"మామా, మంత్రులెక్కే విమానం. జాగ్రత్త," అన్నాడు సూపర్వైజరు.

"తాడు పట్టుకుని ఎక్కమను."

జనం ఎక్కేకొద్దీ విమానం బరువుకు కుంగుతుంది. అందుకే తలుపుకీ మెట్లకీ మధ్య నాలుగు వేళ్ళ సందు వదలాలి. లేకుంటే తలుపు మెట్లమీద ఆని వంగిపోతుంది. మామ సందు వదల్లేదు. మరిచిపోయి కాదు. వాళ్ళ తలుపు విరగాలి, పొత్తు మొదటిరోజే పెటాకులవ్వాలి.

వాళ్ళ మెకానిక్కు, బట్టతలాయన, పైనుంచి తొంగిచూశాడు. జేబులోంచి నున్నటి చెక్కముక్క తీసి తలుపు కింద పెట్టబోయాడు. దూరలేదు.

"ఏం పెద్దమనిషీ, మీ దేశంలో వేళ్ళు కరువా?"

"మా తమ్ముణ్ణి మింగారుగా, వాడివి వాడుకో!"

మెకానిక్కు కుడిచెయ్యి చాపాడు. బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే ఉన్నాయి. "నావి మీవాళ్ళు తీసుకున్నారు. అందుకే కొలతకి ఈ చెక్క. దించుతావా, మంత్రుల్ని పిలవనా?"

మామ మీసం కాస్త వాలింది. నోరు వాలలేదు. "అరవకు. చెవులున్నాయి నాకు."

తిట్టుకుంటూనే మీట నొక్కాడు. మెట్లు దిగాయి. చెక్క సరిగ్గా పట్టింది. అయినా నమ్మక, పైకెక్కి తన వేళ్ళు దూర్చి చూసుకున్నాడు. కింద ఎవరో స్నేహం గురించి మైకులో ఊదరగొడుతున్నారు.

"మంగళవారం మళ్ళీ వస్తాం. అప్పుడూ నువ్వేనా, మొండి ముసలాయనా?" అన్నాడు మెకానిక్కు.

"నేనే. నీ ఖర్మ."

విమానం క్షేమంగా లేచింది. చెక్క మెట్లమీదే ఉండిపోయింది. "మంగళవారం వాడి మొహాన కొడతా," అంటూ మామ దాన్ని స్టీరింగు పక్కన పెట్టుకున్నాడు. షెడ్డులో బండి ఆపాడు, దిగలేదు. టీకి పిలవడానికొచ్చిన సూపర్వైజరు భుజం తట్టాడు, మళ్ళీ తట్టాడు, ఇక తట్టలేదు.

మంగళవారం మెట్లు కొత్తవాడు తెచ్చాడు.

"ముసలాడేడీ?" అన్నాడు మెకానిక్కు. ఆ రోజే బండిలో పోయాడని కొత్తవాడు చెప్పాడు. వాడు చెక్క అందించబోతే మెకానిక్కు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "బండిలోనే ఉండనీ. నీ వేళ్ళు పెట్టి చూపించు, చాలు."

స్టీరింగు పక్కన ఆ చెక్క అలాగే ఉంది, నాలుగు వేళ్ళ వెడల్పున, ఓ అంచుకు మామ చేతి గ్రీజు నల్లగా అంటుకుని.