గుండ్లవాగు మెట్లు

“పోయిన ఐతారం ఉప్మాల ఉప్పు తక్కువైందట. కిషన్ రావు సార్ అన్నడు,” అన్నాడు సారంగపాణి, అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటూ.

శకుంతల రవ్వ జల్లెడ పడుతోంది, తలెత్తలేదు. ముప్పై మంది తిన్నారు, ఒక్కడు ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాటా వారం రోజులు వాడకట్టంతా నడిచి నడిచి శనివారం సాయంత్రానికి ఆమె దగ్గరికి వచ్చి చేరింది. బాగుందన్న మాటలకు మాత్రం కాళ్లు లేవేమో, ఎక్కడ పుట్టినవి అక్కడే కూర్చున్నాయి.

హనుమకొండలో వాళ్ల వాడకట్టు వెనకే గుండ్లవాగు. దాని గొప్ప చెప్పమంటే అక్కడి ముసలివాళ్లు పొద్దుగూకేదాకా చెబుతారు. ఒకప్పుడు అందులో చేప తోక ఆడిస్తే సుబేదారిలో ఆఫీసు కిటికీలు తడిసేవట. జెల్ల చేప మీసం పట్టుకుని ఇద్దరు మనుషులు అవతలి గట్టుకు దాటేవారట. శకుంతల కాపురానికి వచ్చేనాటికి చేపలు పోయాయి, మీసాలు మాత్రం గట్టు మీది మగవాళ్లకు మిగిలాయి. వాగు నిండా గుర్రపుడెక్క, దాని కింద మురుగు.

ఎనభై రెండులో ఆ మీసాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టాయి. గుండ్లవాగు పరిరక్షణ సంఘం. రిటైరైన ఓవర్సీరు కిషన్ రావు అధ్యక్షుడు, సారంగపాణి కార్యదర్శి. ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి నీళ్లలో దిగుతారు, తొమ్మిదింటికి ఎక్కుతారు. అబద్ధమెందుకు, మంచి పనే. ఏడాది తిరిగేసరికి వాగు మధ్యలో ఆకాశం కనబడడం మొదలైంది. దాన్ని వాళ్లు శ్రమదానం అన్నారు. శనివారం రవ్వ జల్లించడం, మోదుగాకులతో విస్తళ్లు కుట్టడం, ఆదివారం కోడి కూయకముందే పొయ్యి ముట్టించడం, ఉప్మా నిండిన గంజు చంకన పెట్టుకుని గట్టు మీదికి మోయడం, మంగళవారం దాకా బురద బట్టలు ఉతకడం, వీటినేమంటారో ఎవరూ చెప్పలేదు. దానమని తనకు తాను అనుకుందామన్నా, దానం అంటే ఇచ్చేవాళ్లను ఒక్కసారైనా అడగాలి కదా అనిపించేది శకుంతలకు. అలసట ఆమె ఒంట్లో ఎక్కడో ఒకచోట ఉండేది కాదు, రవికెలాగా రోజూ తొడుక్కునేది.

ఆమె కోరిక కూడా పెద్దదేం కాదు. ఒక్క ఆదివారం తానూ ఆ నీళ్లలో దిగి పని చేయాలి. తాను తీసిన చోట నీళ్లు తేటపడుతుంటే చూడాలి. ఒకసారి అడిగింది కూడా. “నేను సుత వస్తనండి.”

“వస్తనే ఉన్నవు గదనే, ఉప్మా ఎవలు తెస్తాండ్రు మరి?” అని నవ్వాడు సారంగపాణి.

అత్త నవ్వలేదు. “మంచిగుంటది! నలుగురి ముంగట మోకాళ్లదాక చీర ఎగ్గట్టి నిలబడు!”

ఆ మాట కూరగాయల గంప దించుకుంటున్న మల్లక్క చెవిన పడింది. మల్లక్కది పరకాల దగ్గర పల్లె, నాట్లు వేసి వేసి వచ్చిన మనిషి. “నా మోకాళ్లు ముప్పై ఏండ్లు బురదల్నే ఉండె,” అంది శకుంతలతో. “బియ్యం తినెటోళ్లకు ఎవలకు సిగ్గుగాలే.”

ఆ యేడు బతుకమ్మ పండుగకు ముందు సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. వాగు బాగుపడింది, ఆడవాళ్లకొక ఘాట్ కట్టిద్దాం. కిషన్ రావు కాగితం మీద గీత గీశాడు. అందరూ రాళ్లు మోశారు. పదకొండు మెట్లు, ఎక్కేవాళ్లతో గుంజీలు తీయించేటట్టు నిటారుగా లేచాయి. శకుంతల గంజు చంకన పెట్టుకుని పైనుంచి చూసింది. మెట్టు మెట్టుకూ మూరెడు ఎత్తు. పై మెట్టు దాటితే రెండు బారల నేల, ఆ తర్వాత తుమ్మకంప.

ఆ రోజు ఇంట్లో అడిగింది. “ఆడేతందుకు జాగేది?”

“ఏం ఆట?”

“బతుకమ్మ ఆటండి. యాభై మందిమి సుట్టు తిరగాలె గద.”

“రోడ్డు మీద ఆడుకోని రాండ్రి. ఘాట్ అంటే నీళ్లల్ల ఏసేతందుకు.”

“నెత్తిమీద బతుకమ్మ ఉంటది. కింద కాలు యాడ పెడ్తున్నమో కనబడది. అంతెత్తు మెట్లు ఎట్ల దిగాలె?”

“కిషన్ రావు సార్‌కు నువ్వు నేర్పుతవా? ముప్పై ఏండ్లు చెరువులకు తూములు కట్టిండాయన.”

తూముకు చీర ఉండదు కదా, అనుకుంది శకుంతల. అనుకుని ఊరుకోలేదు. మరుసటి ఆదివారం వడ్డిస్తూ వడ్డిస్తూ కిషన్ రావునే అడిగింది. “అన్నా, మెట్లు జర ఎత్తున్నయి.”

“ఏం ఎత్తు లేదమ్మా. నేను దిగి చూసిన.”

“నెత్తిమీద బతుకమ్మ పెట్టుకోని దిగిండ్రా?”

ముప్పై మంది ఒక్కసారే నవ్వారు. పట్టుచీర కట్టి, నెత్తిన బతుకమ్మతో ఓవర్సీరు దిగుతున్నట్టు ఒకాయన నడిచి కూడా చూపించాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది కిషన్ రావే. “చెల్లె మంచి జోకేసింది! ఇంకింత ఉప్మా ఎయ్యి తల్లీ, ఇయ్యాల ఉప్పు సమంగున్నది.”

జోకు వేయలేదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చేతిలో గరిటె ఉంది, ఎదురుగా విస్తరి చాచి ఉంది. గరిటే ముందు కదిలింది. తిన్నాక వాళ్లు లేచి, గుర్రపుడెక్క తీసిన చేతులతోనే, ఎంగిలి విస్తళ్లు వాగులోకి విసిరారు. తాను కుట్టిన ఆకులు ఒకదాని వెనక ఒకటి తేటనీళ్ల మీద తేలిపోతుంటే శకుంతల నిలబడి చూసింది. కోపం రాలేదు, కోపానికి కూడా ఓపిక కావాలి. తాను చెప్పింది తప్పయితే తప్పనాలి, ఒప్పయితే ఒప్పనాలి. నవ్వితే ఏం చేయాలి? పన్నెండేళ్లుగా ఈ ఇంట్లో ఆమె మాటలన్నీ ఇలాగే పోయాయి. పప్పులో కరివేపాకులా పక్కకు తీసి పెట్టారు కొన్ని, నవ్వి మింగేశారు కొన్ని. ఇప్పుడు మాట పోతే పోయింది. కానీ పండుగనాడు ఆ మెట్ల మీద ఎవరో ఒకరు పడతారు. కడుపుతో ఉన్న పిల్ల కావచ్చు, ముసలామె కావచ్చు. అప్పుడు కూడా వీళ్లే అంటారు, ఆడోళ్లకు నడవరాదని.

బుధవారం మధ్యాహ్నం, మగవాళ్లంతా ఆఫీసుల్లో ఉండగా, మల్లక్కను తోడు తీసుకుని వాగుకు వెళ్లింది. ఉప్మా గంజు బోర్లించి నెత్తిన పెట్టుకుంది. “మన బతుకమ్మ ఇంతే ఉంటది గద?” అని ఒక్కో మెట్టూ దిగింది. మూడు దిగింది. నాలుగోదానికి కాలు చాపితే అక్కడ గాలి తప్ప మరేమీ తగలలేదు. శకుంతల కూలబడింది, మోకాలు చెక్కుకుపోయింది. గంజు మాత్రం మిగతా మెట్లన్నీ లెక్కపెట్టినట్టు ఒక్కోదాన్నీ మోగించుకుంటూ పోయి నీళ్లలో పడింది. ఆ మోతకు కొంగలు లేచి వరంగల్ కోట దాకా పోయాయని మల్లక్క తర్వాత వాడకట్టంతా చెప్పింది. అప్పుడు మాత్రం “గంజు పోతే పోనీ బిడ్డా, నువ్వు పోలే,” అని పట్టుకుని లేపింది.

గంజు కోసం శకుంతల చీర ఎగ్గట్టి దిగింది. మోకాలి దెబ్బకు నీళ్లు చురుక్కుమన్నాయి, తర్వాత చల్లబరిచాయి. గంజు చేతికి దొరికాక కూడా ఆమె పైకి రాలేదు. కాళ్ల చుట్టూ నీళ్లు తమ పని తాము చూసుకుంటూ పోతున్నాయి. ఉప్పు తక్కువైందనడానికి అక్కడ ఎవరూ లేరు.

“మల్లక్కా, బర్లు యాడ దిగుతయి?” అంది అక్కడి నుంచే.

“గా మలుపు కాడ. ఏటవాలుగ ఉంటది, మన్ను నేల. బర్రెకున్న తెలివి...” అని మిగిలింది మింగి నవ్వింది మల్లక్క.

ఆ రెండు రోజులూ మల్లక్క కూరగాయలతో పాటు ఒక మాట కూడా ఇంటింటికీ చేర్చింది. శనివారం శకుంతల రవ్వ జల్లెడ పట్టలేదు. సారంగపాణి చూడలేదు. ఆదివారం ఆయన ఎప్పటిలాగే ఆరింటికి పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఏడింటికి తొమ్మిది మంది ఆడవాళ్లు పారలు, గడ్డపారలు, తట్టలు పట్టుకుని ఘాట్ పక్క నుంచే నడిచి బర్లు దిగే మలుపుకు పోయారు. బతుకమ్మ ఆటకు సరిపడా కంప కొట్టారు, రాళ్లు ఏరారు, మిట్టలు తవ్వి గుంటల్లో పోశారు. శకుంతల పార ముందు మొండికేసింది, తర్వాత ఆమె చేతికి అలవాటైంది. నడుము నొచ్చింది. నొప్పి ఇంటి నొప్పే, కానీ ఇవాళ దాని పక్కన నేల చదునవుతోంది. కంటికి కనబడుతోంది.

తొమ్మిదిన్నరకు సారంగపాణి వచ్చాడు. ఆయన వెనక కొంచెం దూరంలో సంఘమంతా ఆకలి మొహాలతో నిలబడింది.

“ఏందిది శకుంతలా? టిఫినేది?”

“చెయ్యలే.”

“చెయ్యలేదా? ముప్పై మంది ఎదురుజూస్తాండ్రు!”

ఆడవాళ్ల చేతులు ఒక్కటొక్కటే ఆగాయి. అందరూ చూస్తున్నారని ఆయనకు తెలిసింది. గొంతు తగ్గించాడు. “పాణం బాగలేదా?”

“మంచిగనే ఉన్నది.”

“మరి గింత ఎండల... కడుపుల ఏమన్న ఏసుకున్నవా? నేను సుత ఏం తినకపోతి.”

“నేను తినే వచ్చిన,” అంది శకుంతల.

మల్లక్క తట్ట అట్లాగే పట్టుకుని నిలబడింది. శకుంతల మళ్లీ పార ఎత్తింది.

“జర పక్కకు జరుగుండ్రి,” అంది భర్తతో. “మీరు నిలబడ్డ కాడ మన్ను తియ్యాలె.”