పలుపు ముడి

పనిగట్టుకుని భయపడడానికి జీపెక్కి వచ్చే మనుషులు కూడా ఉంటారని అక్కుపల్లి ఒడ్డుకు 2002 ఫిబ్రవరిలో తెలిసింది. ఆ ఉదయం ఇసుకలోకి దిగిన జీపును చూసి, చిరిగిన వల బాగుచేస్తున్న ఢిల్లీబాబు తలెత్తి, ఒకసారి నవ్వి, మళ్ళీ తల దించుకున్నాడు. తొమ్మిది నెలలుగా అతని ముఖం మీదికి వచ్చే నవ్వు అదొక్కటే. అందులో సంతోషం ఉండదు.

జీపు దిగినవారు ఇద్దరు. పెద్దాయన టెక్కలి జగన్నాథరావు. నలభై ఎకరాల ఆసామి. నిరుడు మండల ఎన్నికల్లో ఓడిపోయిన నాటి నుంచి ఆయనకు నిద్ర లేదు. రెండోవాడు ఆయన మేనల్లుడు లోకేష్. విశాఖపట్నంలో వారం రోజులు వ్యక్తిత్వ వికాస శిక్షణ పొంది, లోకంలోని ప్రతి దుఃఖానికీ ఒక ప్రయాణం మందుగా ఉందని నేర్చుకొని వచ్చాడు. మనసు బరువెక్కితే శరీరాన్ని సాహసంలోకి తోయాలట. గుండె దడదడలాడితే దిగులు దిగిపోతుందట. భయం ఎదుట నిలబడితే నిద్ర తనంత తానే నడిచి వస్తుందట. కిందటి వారం మేనమామను రావివలస దగ్గరి కొండ ఎక్కించాడు. ఆ రాత్రి మూడు గంటలు నిద్రపోయారని లోకేష్, మోకాళ్ళ నొప్పితో మేలుకునే ఉన్నానని జగన్నాథరావు ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. ఇవాళ్టి మందు సముద్రం.

ఇదంతా లోకేష్ నల్లకళ్ళద్దాలు తీయకుండానే కూర్మయ్యకు వివరించాడు. కూర్మయ్య ఢిల్లీబాబుకు పిల్లనిచ్చిన మామ. ఒడ్డున ఆరుతున్న ఆ తెప్ప ఆయనదే. తెల్లటి కనుబొమలు కదపకుండా అంతా విన్నాడు, సరేనన్నాడు.

ఢిల్లీబాబూ విన్నాడు. ఓటు పోయిన మనిషికి సముద్రం మందట. మరి అన్న పోయిన మనిషికి ఈ వైద్యులు ఏ మందు రాస్తారో. నిరుడు వైశాఖంలో తెప్ప కెరటం కింద విడిపోయినప్పుడు అన్న గోవిందు తిరిగి రాలేదు. ఆ రోజు తెప్ప దుంగల ముందు కొసన కట్టు కట్టింది ఢిల్లీబాబే. ముడి వదులైందో, కెరటమే పెద్దదో చూసి చెప్పేవాడు లేడు. ఢిల్లీబాబు మాత్రం తప్పు తన ముడిదేనని తీర్పు చెప్పేసుకున్నాడు. ఆనాటి నుంచి తెప్ప తాడు ముట్టలేదు, మడమ తడిసేంత నీటిలోనైనా దిగలేదు. ఇల్లు భార్య ఉమ నడిపేది. పలాస వెళ్ళి జీడిపిక్కలు కొట్టి వచ్చి, జీడి అంటి నల్లబడ్డ వేళ్ళతో అన్నం వడ్డించేది. ఆ వేళ్ళను చూసినప్పుడు తన మీద తనకు పుట్టే అసహ్యం ముందు ఊరివాళ్ళ చులకన ఏపాటిది?

ఆ ఇంటి తెప్పకు ఒక ఆనవాయితీ ఉంది. ఒడ్డుకు రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఆరబెడతారు. మళ్ళీ కట్టేటప్పుడు ఎక్కేవాళ్ళే కట్టాలి. ఎక్కనివాడు తాడు ముట్టకూడదు, కట్టినవాడు ఒడ్డున ఉండిపోకూడదు. ఎవరి ప్రాణానికి ముడి వాళ్ళే వేసుకోవాలన్న మాట. టెక్కలి నుంచి దొర వచ్చాడని కూర్మయ్య దాన్ని మార్చలేదు. వెనక కట్టు తాను బిగించి, ముందు కట్టు తాడు జగన్నాథరావు చేతిలో పెట్టాడు.

ఎక్కువసేపు పట్టదని జగన్నాథరావు అన్నాడు. పదేళ్ళ వయసు నుంచి ఎడ్లను కట్టిన చేతులు తనవన్నాడు. నీట మునగనివ్వని నారింజరంగు తేలుడు చొక్కా పొట్ట మీద బిగిసి ఊపిరాడనివ్వకున్నా, వంగి, మూలిగి, తాడు చుట్టి, ముడి వేసి, లోకేష్ ఫోటో తీసేదాకా అలాగే నిలబడ్డాడు. లోకేష్ తెప్ప ఎక్కడు. ఫోటోలకు ఒకరు ఒడ్డున ఉండాలి కదా. కూర్మయ్య అటు తిరిగి, గాలికి చెయ్యి అడ్డుపెట్టి, తీరుబడిగా బీడీ వెలిగించుకుంటున్నాడు.

ఢిల్లీబాబు ఆ ముడిని చూశాడు. అది పలుపు ముడి. పశువును గుంజకు కట్టేది. కొట్టంలో నిప్పంటుకుంటే ఒక్క లాగుతో విప్పి తోలేయడానికి వీలుగా వేసేది. చూపు వల మీదికి తిప్పుకున్నాడు. మామ చూస్తాడులే అనుకున్నాడు. మామ బీడీ అంటుకోలేదు. రెండో పుల్ల గీశాడు, మూడోది గీశాడు.

ఢిల్లీబాబు లేచాడు.

"ఇది ఎద్దుని కట్టీ ముడి బాబూ. సముద్రం తమరి కొట్టంలో లేదు."

"నీ పుట్టుకకు ముందు నుంచీ కడుతున్నాన్రా. అది ఊడదు."

ఢిల్లీబాబు రెండు వేళ్ళతో తాడు కొస పట్టి లాగాడు. ముడి జారింది, ముందు కొసన దుంగలు దేని దారిన అది ఇసుక మీద విడిపోయాయి. జగన్నాథరావు ముఖం ఎన్నికల లెక్కింపు నాటిలా అయిపోయింది. ఢిల్లీబాబు అటు చూడలేదు. దుంగలు దగ్గరికి తన్ని, మోకాలు అదిమి, మూడు చుట్లు చుట్టి, అడ్డంగా పెనవేసి, పళ్ళతో కొస పట్టి బిగించాడు. బిగించాక గాని తన చేతులు ఏం చేశాయో అతనికి తెలియలేదు.

కూర్మయ్య ఇటు తిరిగాడు. "కట్టినావేటి, అల్లుడా?"

"కట్టినాను."

కట్టినవాడు ఎక్కాలి. విప్పితే మళ్ళీ పలుపు ముడే. ఢిల్లీబాబు కాళ్ళు ఇసుకలో దిగబడి ఉన్నాయి. అతను ఎందుకు ఆగాడో జగన్నాథరావుకు అర్థమైంది. పోయిన పరువు కాస్త తిరిగొచ్చినట్టు నవ్వాడు.

"ఏరా, నీకూ నీళ్ళంటే భయమా? మా లోకేష్‌ని అడుగు, మందు చెబుతాడు."

తెడ్డు ఢిల్లీబాబు చేతిలోకి వచ్చేసింది. ఊరంతా పిరికివాడన్నా ఓర్చుకున్నాడు. ఎద్దు ముడితో కెరటం దాటబోయిన మనిషి అంటే ఓర్చుకోలేకపోయాడు.

వెనక కట్టు దగ్గర కూర్మయ్య తెడ్డేశాడు. మొదటి కెరటానికి ఢిల్లీబాబు తెడ్డు వేయడం మరిచాడు. రెండో కెరటానికి వేశాడు. జగన్నాథరావు రెండు చేతులతో ఢిల్లీబాబు నడుము పట్టుకుని చచ్చిపోయిన తల్లిని పిలిచాడు. మూడోది గోడలా లేచింది. గోవిందును మింగింది అలాంటిదే. ఢిల్లీబాబు కెరటాన్ని చూడలేదు, కట్టును చూశాడు. నీళ్ళు దాని మీద విరిగి, నురగై, జారిపోయాయి. కట్టు ఉంది.

ఆవల సముద్రం చాప పరచినట్టుంది. కొబ్బరితోటలు సన్నని గీత, వాటిపైన మహేంద్రగిరి నీలి మచ్చ. జగన్నాథరావు రెండుసార్లు వాంతి చేసుకుని, ఎవరినో తిట్టబోయి, మాట పూర్తి కాకుండానే ఢిల్లీబాబు పాదాల మీద తల వాల్చి నిద్రపోయాడు. దొర్లిపోకుండా ఆయన చొక్కా పట్టుకుని ఢిల్లీబాబు ఆపాల్సి వచ్చింది. ఇంత మనిషికి ఇంత గురక. చులకన తగ్గలేదు, పట్టు కూడా వదల్లేదు.

ఒడ్డు చేరాక లోకేష్ చంకలు గుద్దుకున్నాడు. తన మందు పనిచేసిందట. పది రోజులు వరసగా వస్తే మనిషి కొత్తవాడవుతాడట. రేపు ఇదే వేళకు తెప్ప సిద్ధంగా ఉంచమన్నాడు.

"రేపు కుదరదు బాబూ," అన్నాడు ఢిల్లీబాబు. "రేపు వేటకెల్తాను."

కూర్మయ్య ఏమీ వినలేదన్నట్టు వెనక కట్టు విప్పుతున్నాడు. జీపు వెళ్ళిపోయాక ఢిల్లీబాబు ముందు కట్టు దగ్గర కూర్చున్నాడు.

"ఆయన ఏసిన ముడి సూడనేదా, మావా?"

"సూసినాను."

మామ బీడీకి మూడు పుల్లలు ఎందుకయ్యాయో ఢిల్లీబాబుకు అప్పుడు తెలిసింది. ఉప్పునీళ్ళకు తాడు ఉబ్బి ముడి బిగిసిపోయింది. దాన్ని విప్పడానికి చాలాసేపు పట్టింది.